అంచు నుంచి ఇరవై అడుగులు

జూన్ 9

అత్తా,

మళ్లీ గది మారాను. ముందు తిట్టుకో, తర్వాత మిగతా ఉత్తరం చదువు.

ఇది మూడోది. మొదటిది ప్రింటింగ్ ప్రెస్సు పైన. పొద్దస్తమానం నేల దడదడలాడేది. రెండోదానికి కిటికీ తెరిస్తే ఎదుటింటివాళ్ల స్నానాల గది గొట్టం. వాళ్లలో ఎవరు ఎంతసేపు పోసుకుంటారో నాకు కంఠతా వచ్చేసింది. ఈ గదిలో ముందున్న మనిషి గోడకి పదిహేడు మేకులు వదిలి వెళ్లాడు, అన్నీ ఒకే వరసలో. ఏం తగిలించేవాడా అని ఆలోచిస్తూ పడుకుంటున్నాను. నా దగ్గర తగిలించడానికి మూడే ఉన్నాయి. అందులో ఒకటి నువ్వు కుట్టి పంపిన కోటు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. భుజాల దగ్గర మరీ బాగుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీటి మట్టాల ఆఫీసులో నా పనేమిటో నీకు ఎన్నిసార్లు చెప్పినా "నీళ్లు లెక్కపెట్టడం" అనే అంటావు. సరే, అదే. ఏటి పొడవునా ఇరవై ఆరు చోట్ల మనుషులు కొలిచి పంపుతారు, నేను రిజిస్టరులో ఎక్కిస్తాను. మన వీధి దగ్గర కొలిచేవాళ్లెవరూ లేరు. ఈ వర్షాలకి ఏరు మన ఒడ్డు వైపే ఒరుగుతుందని పై నుంచి కాగితాలొస్తున్నాయి. కోత పడే వీధుల్ని ముందుగా ఖాళీ చేయించడానికి జాబితా కూడా రాస్తున్నారు.

అందుకని నాకో సాయం చెయ్యి. మన పెరటి వెనక, ఒడ్డు నుంచి ఇరవై అడుగులు లోపలికి ఒక కర్ర పాతు. ప్రతి ఆదివారం ఆ కర్రకీ ఒడ్డు అంచుకీ మధ్య ఎంతుందో కొలిచి రాయి. నీకు టేపు పట్టుకోవడం నేర్పాలా?

నీ
బొంగరం


జూన్ 15

బొంగరానికి,

తిట్టడం అయింది. మన వీధి చెవుల మాస్టారు కూడా ఒక వాయి తిట్టారు. "రెండేళ్లలో మూడు గదులా! పిల్లి కూడా పిల్లల్ని అన్నిసార్లు మార్చదే" అన్నారు. ఆయనకి వినపడటం ఆగిపోయిన దగ్గర్నుంచీ అరుస్తారు కదా, ఆ మాట ఏటి అవతల కూడా విన్నారు.

కర్ర పాతాను. పాత గొడుగు కర్ర. మాస్టారు ఒక కొస పట్టుకున్నారు, నేను ఒక కొస. ఇరవై అడుగులు. ఈ పూట మళ్లీ కొలిచాను. ఇరవయ్యే. ఇంత చదువు చదివి మా చేత గొడుగు కర్రలు పాతిస్తున్నావు, బాగుంది.

మాస్టారు ఒక వింత మాట చెప్పారు. రాత్రుళ్లు మంచం కదులుతోందట. "నాకు వినపడదు గానీ నా మంచం కోళ్లకి వినపడుతోందే" అంటారు. డెబ్బై దాటాక అన్నీ కదులుతాయి లెండి అన్నాను. చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏంటీ?" అన్నారు. ఆ మాట రెండోసారి చెప్పడానికి నోరు రాలేదు.

వర్షాలకి ముందు సున్నం వేయిస్తే బాగుంటుందని పక్కవాళ్లు పోరుతున్నారు. మూడు గోడలకి వేయించుకుంటాను గానీ నాలుగోదాని జోలికి రానివ్వను. నీకు తెలుసుగా.

కోటు సరిపోయిందన్నావు. నాకు తెలుసు. గోడ మీద నీ ఆఖరి గీత చూసే కత్తిరించాను.

అత్త


జూన్ 27

అత్తా,

ఇరవై. రాసుకున్నాను. మా సూపరింటెండెంటు కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టి "ఎవరు కొలిచారు?" అన్నాడు. మా అత్త, దర్జీ అన్నాను. "దర్జీ అయితే అంగుళం పోదు" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

అయినా ఒక మాట చెప్పనా? అంకె బాగుందని నువ్వక్కడే ఉండాలని లేదు. ఈ వర్షాలు పోయేదాకా నా దగ్గరికి రా. గది చిన్నదే, మిషను పెడితే తలుపు సగమే తెరుచుకుంటుంది. కానీ పదిహేడు మేకులున్నాయి. నువ్వు రానంటే కారణం గది చిన్నదని మాత్రం చెప్పకు. నేనే ఎక్కడా నిలవలేననీ, నా దగ్గరికొస్తే నిన్నూ ఊరంతా తిప్పుతాననీ నీ భయం. అదేగా?

గోడ సంగతి నాకు గుర్తు లేదనుకోకు. కాగితం పరిచి గీతలన్నీ దించుకుని చుట్టగా చుట్టి తెచ్చుకో. ఆఫీసులో పెద్ద కాగితాలుంటాయి, పంపనా?

బొంగరం


జూలై 6

బొంగరానికి,

నువ్వు తిప్పుతావని కాదే. నీకు అన్నీ నీ గురించే.

నువ్వు మా ఇంటికి వచ్చేనాటికి నీకు ఆరేళ్లు. అప్పటికే ఆ గోడ మీద మీ మామయ్య ఉన్నాడు. అది ఎలా గీశానో నీకెప్పుడూ చెప్పలేదు. మిషను కొన్న కొత్తల్లో కాగితానికి కూడా వెతుక్కునేవాళ్లం. లాంచీ దిగి వచ్చిన మనిషిని వచ్చినట్టే గోడకి నిలబెట్టి, ఒంటి చుట్టూ సుద్దతో గీశాను. చెరిగిపోకుండా తర్వాత మేకుతో గీరాను. కదలొద్దు కదలొద్దు అంటూనే ఉన్నాను. లాంచీ నడిపే సరంగు కదా, నేల మీద నిలబడినా లాంచీలో ఉన్నట్టే ఊగుతాడు. సుద్ద ఎడమ భుజం దగ్గరికి వచ్చేసరికి చక్కిలిగిలి పుట్టి నవ్వాడు. గీత అక్కడ వంకర పోయింది. నువ్వొచ్చాక ఏటేటా నీ గౌను కొలతకి ఆ గీత లోపలే నిన్నూ నిలబెట్టి గీశాను.

ఆయన పోయి పదకొండేళ్లు. ఫోటోల్లో ఎక్కడా నవ్వలేదు, బిగుసుకుపోయి ఉంటాడు. ఆ వంకర ఒక్కటే. నీ కాగితం మీదకి దించితే గీత వస్తుంది గానీ ఆయన ఆనుకున్న గోడ వస్తుందా?

సరే. కొలత ఇరవై. గొడుగు కర్ర వాలిపోతే మళ్లీ పాతాను. మన బట్టలుతికే బండ కనపడటం లేదు. అంత బండని ఎవడెత్తుకెళ్లాడో, వాడి నడుం విరగ.

మాస్టారు మొన్న మంచాన్ని బండికెక్కించి, పైన తనూ ఎక్కి కూచుని, అన్న కూతురింటికి బయల్దేరారు. ఊరేగింపులా ఉంది. "భయస్తుడండీ మా మాస్టారు" అని వీధి చివరిదాకా ఏడిపించాను. తర్వాత నాకే ఏమీ తోచలేదు. నీ ఉత్తరం తీసుకెళ్లి చూపించాను, ఇదిగో ఆఫీసు కూడా రాసుకుంది, ఇరవై అంటే ఇరవయ్యే అని. రెండుసార్లు చదువుకున్నారు. "చదువుకున్న పిల్ల రాసింది కదా" అని మర్నాడు మంచంతో సహా వెనక్కొచ్చారు. వీధికి మళ్లీ అరుపులొచ్చాయి.

అత్త


జూలై 19

అత్తా,

హడావిడిలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో. మళ్లీ మారుతున్నాను. ఎందుకని అడక్కు. ఆ మేకులు చూస్తుంటే ఆయనెవరో తిరిగొచ్చి తన సామానంతా తగిలించేస్తాడేమోనని ఊపిరాడటం లేదు. కొత్త గది మెట్ల కింద, పైకప్పు ఏటవాలుగా ఉంది. ఒకవైపు నిలబడొచ్చు, ఇంకోవైపు వంగాలి.

బండ దొంగ గురించి చదివి ఆఫీసులో అందరికీ చెప్పాను, పడీ పడీ నవ్వారు.

మంచి కబురు. జాబితా ఖరారైంది. మనకి పైనున్న రెండు వీధుల్ని ఖాళీ చేయిస్తారు. మన వీధి లేదు. అయిదు వారాలుగా ఇరవై దగ్గరే ఉన్న ఒడ్డుకి భయమేమిటన్నాడు సూపరింటెండెంటు. నీ టేపే మీ అందరినీ ఇంట్లో ఉంచింది. మాస్టారికి చెప్పు, మంచం కోళ్లకి కాస్త నూనె రాయమని.

కోటు ఇక్కడ అందరికీ నచ్చింది.

బొంగరం


ఆగస్టు 2

అమ్మడూ,

నేను బాగానే ఉన్నాను. ఆ మాట ముందు రాయమన్నారు ఇక్కడివాళ్లు.

గురువారం మధ్యాహ్నం మన వీధి వెనక వరస ఏట్లో పడింది. వాన కూడా లేదు. ఎండ కాస్తోంది. నేను ముందు గదిలో కాజాలు కుడుతున్నాను. చెంబులో నీళ్లు వాటంతటవే ఒలికాయి. లేచి చూస్తే పెరడు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది.

మిషను నేనూ, లాంచీ టికెట్ల గుమస్తా కలిసి లాగాం. వీధిలోకి వచ్చాక అందరం మాస్టారిని కేకేశాం. అందరం. ఆయన వెనక గదిలో భోజనం చేసి పడుకుని ఉంటారు. ఆ వేళకి ఎప్పుడూ పడుకుంటారు. తలుపు గడియ పెట్టి ఉంది. గుమస్తా భుజంతో గుద్దుతున్నాడు. నేను అరుస్తూనే ఉన్నాను. వినపడదని తెలిసి కూడా అరుస్తూనే ఉన్నాను.

మంచం నిన్న దొరికింది, రెండు మలుపుల కింద. ఆయన ఇవాళ దొరికారు.

మన నాలుగో గోడ కాసేపు నిలబడింది. మిగతా మూడూ పోయాక కూడా అదొక్కటే ఏటికేసి తిరిగి నిలబడింది. అవతలి ఒడ్డు నుంచి చూస్తే మీ మామయ్యా, లోపల ఒకదాంట్లో ఒకటిగా నీ గౌన్లూ కనపడి ఉంటాయి. తర్వాత అదీ కూచుంది. పడలేదు, కూచుంది.

బడి గదిలో ఉంటున్నాం. బల్లలు చిన్నవి.

అత్త


ఆగస్టు 6

అత్తా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఒకటే అడుగుతాను, సూటిగా చెప్పు. జూలై ఇరవై ఏడున కూడా ఇరవై అని కార్డు రాశావు. ఆ తర్వాత నాలుగు రోజులకి ఇళ్లే లేవు. ఇరవై అడుగులు నాలుగు రోజుల్లో పోవు. మా రిజిస్టరులో ఎక్కడా అలా పోలేదు. రాత్రంతా కూచుని పాత పేజీలన్నీ తిరగేశాను.

నువ్వు ఎక్కడి నుంచి కొలిచావు?

బొంగరం


ఆగస్టు 14

అమ్మడూ,

అంచు నుంచి కొలిచాను. ఇంకెక్కడి నుంచి కొలుస్తారు?

ముప్పై ఏళ్లుగా గుడ్డని అలాగే కొలుస్తున్నాను. ఒక ముక్క కత్తిరించాక మిగిలినదానికి కొత్త అంచు వస్తుంది. తర్వాతి కొలత అక్కడి నుంచి. పోయిన ముక్కని కలిపి ఎవరు కొలుస్తారు? నువ్వు ఒడ్డు నుంచి ఇరవై ఉండాలన్నావు. ఆదివారం చూస్తే పదిహేడున్నర ఉంది. కర్ర సరైన చోట లేదనుకుని పీకి, అంచు నుంచి ఇరవై కొలిచి మళ్లీ పాతాను. చొక్కా బిగుతైతే సరిచేసి ఇస్తాను గానీ మనిషిని పంపించెయ్యను కదా.

ఇది మొదటిసారి సంగతి. అబద్ధం కాదు.

రెండోసారికి కర్ర బట్టలారేసే తీగ దాటి లోపలికొచ్చింది. మూడోసారికి వంటింటి మెట్టు దగ్గర. మెట్టు దగ్గర గొడుగు కర్ర పాతుతున్న మనిషికి తెలియదా? తెలుసు. నిజం రాస్తే నువ్వు జాబితాలో వేస్తావు, వాళ్లొచ్చి ఖాళీ చెయ్యమంటారు, గోడ నాతో రాదు. ఒక వారం, ఇంకో వారం అనుకున్నాను. నా ఒక్కదాని ప్రాణంతో బేరం అనుకున్నాను. మాస్టారిని నేనే వెనక్కి పిలిచానని ఆ లెక్కలో వేసుకోలేదు.

నువ్వు రాసిన అంకె నాది. తప్పు నీ దాకా రాదు. ఆ సంగతి మీ సూపరింటెండెంటుకి కావాలంటే నా చేవ్రాలుతో రాసిస్తాను.

అత్త


సెప్టెంబరు 11

అత్తా,

రావాల్సినదాన్ని రాలేదు. బస్సు స్టాండుదాకా రెండుసార్లు వెళ్లాను. రెండోసారి ఎక్కి కూచున్నాను కూడా. బస్సు కదలగానే దిగిపోయాను. ఒకచోట నిలవని పిల్లనని పేరు పెట్టారు కదా మీరంతా, ఇప్పుడు చూడు, అయిదు వారాలుగా ఈ మెట్ల కింద గదీ, ఆఫీసూ, మళ్లీ మెట్ల కింద గదీ. వంగాల్సిన వైపే పడుకుంటున్నాను.

తప్పు నా దాకా రాదన్నావు. వచ్చింది. బండ సంగతి నువ్వే రాశావు. ఏటి ఒడ్డున వెయ్యిమంది లేపలేని బండ పోయిందంటే ఒడ్డు పోయిందని, నీళ్లు కొలిచే ఆఫీసులో పని చేసేదానికి తట్టలేదు. నవ్వాను. పదిమందిని నవ్వించాను. మంచం కోళ్లకి నూనె రాయమన్నాను. మనిషి ఒళ్లంతా చెవి చేసుకుని చెబితే నేను అంకె చూసుకున్నాను.

సూపరింటెండెంటుకి అంతా చెప్పేశాను. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. "ఆ కొలతలు మన మనుషులు తీసినవి కావు, కాబట్టి అవి లేనట్టే" అన్నాడు. మన వీధి పేజీ చింపలేదు, కుట్టు విప్పి తీసేసి ఖాళీగా కొత్తది ఒకటి పెట్టి కుట్టించాడు. ఇప్పుడు చూస్తే అక్కడ ఎవరూ ఎప్పుడూ ఏమీ కొలవలేదు. నేను రాజీనామా ఇస్తానన్నాను. "రేపటి అంకెలు ఎవరెక్కిస్తారు, ఏరు ఆగుతుందా?" అన్నాడు. కోపమొచ్చింది. మర్నాడు వెళ్లి ఎక్కించాను.

అత్తా, ఇంకోటి కూడా చెప్పాలి. కోటు సరిపోలేదు. మొదటిరోజే సరిపోలేదు. భుజాల దగ్గర పట్టేసింది, చేతులు పైకెత్తితే చంకల్లో కుట్లు పటపటమన్నాయి. నేను మారానని నీకు చెప్పడం ఇష్టం లేక అచ్చు గుద్దినట్టుందని రాశాను. అందరికీ నచ్చిందన్నదీ అబద్ధమే. ఎవరూ చూడలేదు, మేకుకే ఉంది. నువ్వు ఇరవై రాయక ముందే నేను నీకు అలాంటిది రాశాను.

మన ఇద్దరం ఒకళ్లనొకళ్లం కదలకుండా ఉంచాలని చూశాం. ఈ లోపు మాస్టారు పోయారు.

నీ


అక్టోబరు 3

బొంగరానికి,

పోయినసారి సంతకం దగ్గర ఖాళీ వదిలావు. అలా వదలకు.

కోటు సంగతి నాకు తెలుసు. సరిపోయిన కోటు గురించి ఎవరూ భుజాల దాకా రాయరు. "బాగుంది" అని ఊరుకుంటారు. అయినా నమ్మాను. నమ్మాలనుకుంటే అంతే మరి.

బడి తెరిచారు, పిల్లలకి గదులు కావాలని మమ్మల్ని పొమ్మన్నారు. తలా ఒక దారి. నేనెక్కడున్నానో చెబితే నవ్వుతావు. లాంచీ మీద ఉన్నాను. పాత రేవు పోయింది కదా, కొత్త రేవు ఎక్కడ కట్టాలో తేలక లాంచీ నెలకో చోట ఆగుతోంది. టికెట్ల గుమస్తా తన గది పక్కన మిషను పట్టేంత చోటిచ్చాడు. దాని కాళ్లు నాలుగూ చెక్క పలకకి బిగించాడు. పొద్దున అటు, సాయంత్రం ఇటు. ఎక్కినవాళ్లు దిగేలోపు తెగిన గుండీ, పిగిలిన సంచీ, జారిన అంచూ కుట్టి ఇస్తాను. రాత్రికి గుమస్తా వాళ్లమ్మ దగ్గర పడుకుంటున్నాను. ఆవిడ గురక పెడుతుంది. మాస్టారి అరుపులు గుర్తొస్తాయి.

మొదటి వారం ఏడ్చాను. ఒక్క కుట్టు తిన్నగా పడదు. నేను ఇటు తొక్కితే నీళ్లు అటు తోస్తాయి. మిషనుని అదిమిపట్టి ఊగకుండా ఉండాలని చూశాను. నడుం పడిపోయింది గానీ ఊగడం ఆగలేదు. ఒకరోజు అలిసిపోయి వదిలేశాను. లాంచీ ఊగినట్టు ఒళ్లు ఊగనిచ్చాను. అప్పుడు కుట్టు పడింది. తిన్నగా కాదు, అయినా పడింది, విప్పాల్సిన పని లేకుండా. ఎవరో పెద్దాయన చొక్కా, ఎడమ భుజం పిగిలింది. కుట్టి దారం తెంపి చూస్తే అక్కడ కొంచెం వంకర. ఆ వంకర నాకు తెలుసు.

చొక్కా ఇవ్వకుండా అలాగే పట్టుకు కూచున్నానట. "ఏమ్మా, దిగాలి" అన్నాడాయన. ఇచ్చేశాను. వేసుకుని వెళ్లిపోయాడు. వెనక నుంచి చూస్తుంటే భుజం మీద నా గీత మనుషుల్లో కలిసి పోయింది. అంత బాధేమీ అనిపించలేదు. గోడకి పదకొండేళ్లు కాపలా ఉన్నప్పుడు కూడా ఇంత దగ్గరగా మీ మామయ్యని చూడలేదు.

దాంతో మాస్టారికి చేసిన తప్పు తీరిపోయిందనుకోవడం లేదు. ఆయన మంచం దొరికిన ఆ మలుపు దగ్గరికి లాంచీ వచ్చినప్పుడు రోజూ రెండుసార్లు మిషను ఆపుతాను. అటు వెళ్లేటప్పుడూ, ఇటు వచ్చేటప్పుడూ. తర్వాత తొక్కుతాను.

నీకు బొంగరం అని పేరు పెట్టింది మాస్టారే, గుర్తుందా? నేను తిట్టుకి పెట్టారనుకునేదాన్ని. ఒకసారి చెప్పారు, "పిచ్చిదానా, అది తిరిగి తిరిగి ఒకచోట కుదురుకుంటే పిల్లలు నిద్రపోయిందంటారే, ఆ నిద్ర తిరిగేటప్పుడే" అని. ఆపితే పక్కకి పడిపోతుంది, అంతేగా. మెట్ల కింద నువ్వు చేస్తున్నది అదే.

కోటు పంపు. ఎప్పుడైనా విప్పాల్సి వస్తుందని కుట్టులో అంగుళం గుడ్డ మడిచి వదిలాను. నా చేతికి ఆ తెలివి ఉంది, నాకే లేకపోయింది. నీ కొలతలు రాసి పంపు. పాతవి ఏట్లో ఉన్నాయి. తారీఖు వెయ్యడం మర్చిపోకు. తారీఖు లేని కొలత కొలత కాదు.

అత్త


అక్టోబరు 10

అత్తా,

కోటు ఈ పార్సెల్లోనే ఉంది. ఆఫీసు టేపుతో కొలుచుకున్నాను. వంగాల్సిన వైపు కుదరక, నిలబడగలిగే వైపుకి వచ్చాను. ఎవరూ పట్టుకోలేదు కాబట్టి అరంగుళం అటూ ఇటూ ఉండొచ్చు.

భుజం పదిహేనున్నర. ఛాతీ ముప్పై అయిదు. నడుము ఇరవై తొమ్మిది. చెయ్యి పొడవు ఇరవై రెండు. వీపు దగ్గర కొలుస్తుంటే ఒక్కదాన్నే ఎందుకో నవ్వొచ్చింది, టేపు జారింది. ఆ అంకె నమ్మకు.

ఇవి అక్టోబరు పదివి. లాంచీ ఈ నెల ఏ రేవులో ఆగుతుందో రాయి. వచ్చే శనివారం బస్సు ఎక్కుతాను. ఈసారి కదిలినా దిగను. ఆ మలుపు దగ్గర నువ్వు మిషను ఆపినప్పుడు పక్కన ఉంటాను. నేను వచ్చాక నా ఒళ్లు మళ్లీ కొలుచుకో, అప్పటికి ఈ అంకెలు పాతబడతాయి.

నీ
బొంగరం